మస్కట్ తుపాకులు: అమ్మినవారి పేర్లు

పాత రివాల్వర్లు సేకరించేవారు ఆయుధం చేతికి రాగానే ముందుగా దాని మీద చెక్కిన అక్షరాలు చూస్తారు. తయారుచేసిన కర్మాగారం పేరే కాక, అమ్మిన వర్తకుడి పేరు కూడా కొన్నిటి మీద ఉంటుంది. 1877 నాటి కోల్ట్ రివాల్వర్లకు 'లైట్నింగ్', 'థండరర్' అన్న పేర్లు కర్మాగారం పెట్టినవి కావు. సిన్సినాటి వర్తకుడు కిట్రెడ్జ్ ప్రచారంలోకి తెచ్చినవి. 1980లలో లూ హార్టన్ అనే అమెరికన్ పంపిణీ సంస్థ స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేత పొట్టి గొట్టపు రివాల్వర్లను పరిమిత సంఖ్యలో ప్రత్యేకంగా చేయించుకుంది. ఇటువంటివాటికి సేకరణకర్తలు అదనపు ధర చెల్లించడానికి కారణం వాటి అరుదుతనం. చరిత్రకారుడికి మాత్రం పంపిణీదారుడి పేరు మరో ప్రశ్నకు దారితీస్తుంది. ఈ ఆయుధం ఎవరి కోసం, ఏ దారిన వచ్చింది? ఈ ప్రశ్న ఒక దేశ రాజకీయాలనే మార్చిన చోటు ఒమన్.

ఒమన్‌లో తుపాకి అలంకారం కూడా. నిజ్వా కోట పక్కనున్న బజారులో వెండి పిడుల ఖంజర్ల సరసన పాత తుపాకులూ కనిపిస్తాయి. వీటిలో ప్రాచీనమైనది 'అబూ ఫతీలా', అంటే వత్తి తుపాకి. పంతొమ్మిదో శతాబ్ది చివరలో దాని స్థానంలోకి మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చింది. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఈ రైఫిల్, సైన్యం కొత్త రకాలకు మారిన తరువాత ఎగుమతి సరుకయింది.

ఆ సరుకుకు మస్కట్ పెద్ద అంగడి కావడానికి ఒప్పందాలే కారణం. బ్రిటన్‌తో 1839లో, ఫ్రాన్సుతో 1844లో కుదిరిన వాణిజ్య ఒప్పందాల ప్రకారం దిగుమతుల మీద 5 శాతానికి మించి సుంకం వేయరాదు, వ్యాపారాన్ని అడ్డుకోరాదు. అక్కడ దిగిన తుపాకులు పడవల మీద మక్రాన్ తీరానికి, అక్కడి నుంచి ఒంటెల మీద అఫ్ఘానిస్తాన్‌కు చేరేవి. 1897లో వాయవ్య సరిహద్దు తెగల తిరుగుబాటుతో ఈ వ్యాపారం బ్రిటిష్ ప్రభుత్వానికి కంటగింపయింది.

1898 జనవరిలో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ ప్రకటన ఆధారంగా, బ్రిటిష్ యుద్ధనౌక 'లాప్‌వింగ్' మస్కట్ జలాల్లో 'బలూచిస్తాన్' అనే ఆవిరి ఓడను ఆపి, అందులోని మందుగుండును స్వాధీనం చేసుకుంది. సరుకు లండన్‌లోని ఫ్రాసిస్ టైమ్స్ కంపెనీది. ఆ కంపెనీ నౌకాధికారి కార్ మీద వేసిన దావా ప్రభువుల సభ దాకా వెళ్ళింది. మస్కట్‌లో చట్టబద్ధమైన చర్య మీద ఇంగ్లండులో నష్టపరిహారం కోరడం చెల్లదని తీర్పు వచ్చింది. ఒక ఆయుధ వర్తక సంస్థ పేరు ఈనాటికీ న్యాయశాస్త్ర గ్రంథాల్లో మిగిలి ఉండడానికి ఆ తీర్పే కారణం.

అయినా వ్యాపారం ఆగలేదు. ఫ్రెంచి వర్తకుడు గోగ్యే వంటివారు తమ దేశపు ఒప్పందాన్ని కవచంగా చేసుకున్నారు. చివరకు నౌకాదళ పహరా పెంచిన తరువాత, 1912లో సుల్తాన్ ఆయుధాలన్నీ ప్రభుత్వ గిడ్డంగిలోనే ఉంచాలనీ, అనుమతి ఉన్నవారికే అమ్మాలనీ శాసించాడు. అపరిమితమైన సరుకు ఒక్కసారిగా పరిమితమైంది. తుపాకి తమ గౌరవానికీ స్వేచ్ఛకూ గుర్తనుకునే లోతట్టు తెగలకు ఇది పరుల ఆజ్ఞగా తోచింది. 1913లో వారు సాలిం బిన్ రాషిద్ అల్ ఖరూసీని ఇమాముగా ఎన్నుకుని తిరుగుబాటు చేశారు. కారణాలు ఎన్నో ఉన్నా, గిడ్డంగి వాటిలో ముఖ్యమైనది.

1915 జనవరిలో మస్కట్ సమీపాన బైత్ అల్ ఫలజ్ దగ్గర వారిని నిలువరించిన భారతీయ సేనల్లో 95వ రస్సెల్స్ ఇన్‌ఫంట్రీ ఒకటి. హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్ పేరిట 1813లో ఏర్పడిన దళం నుంచి వచ్చిన పటాలమది. 1920 నాటి సీబ్ ఒప్పందంతో ఆ పోరు సద్దుమణిగింది.

ఇప్పుడు ఆ తుపాకులు మస్కట్‌లోని జాతీయ మ్యూజియం ఆయుధాల విభాగం వంటి చోట్లనూ, ఇళ్ళ గోడల మీదా ఉన్నాయి. మెరుపు కోసం లోహాన్ని గట్టిగా రుద్దితే ముందుగా అరిగేది పలుచగా చెక్కిన వర్తకుడి పేరు. వాయవ్య సరిహద్దులో చేసిన నకళ్ళ మీద బ్రిటిష్ కిరీటపు ముద్ర కూడా దొంగదే. కనుక అక్షరాన్ని అనుమానించడమూ, అది అరిగిపోకుండా కాపాడడమూ సేకరణకర్తకు రెండూ అవసరమే. అపురూపమైన వస్తువు ధర నేటి అంగడి నిర్ణయిస్తుంది; ఆ వస్తువు నడిచిన దారిని మాత్రం ఆ మాసిన అక్షరాలు ఒక్కటే చెప్పగలవు.