ఎడమకు తిరిగిన శంఖం వెంట

పూజాసామగ్రి కొట్లలో దక్షిణావర్త శంఖమని అమ్మేవాటిలో కొన్నిటికి మన సముద్రాలతో ఏ సంబంధమూ లేదు. అవి అమెరికాలో, మెక్సికో సింధుశాఖ ఒడ్డున, ఫ్లోరిడా ఇసుకలో దొరికే మరో జాతి నత్త గుల్లలు. పేరు లైట్నింగ్ వెల్క్. ఈ సంగతి తెలిసిన రోజు నాకు పండగే అయింది. మన శంఖం ఎక్కడో అరుదుగా తప్ప ఆ వైపు, గవ్వల శాస్త్రం ఎడమ అనే వైపు, తిరగదు. వెల్క్ పుట్టుకతోనే ఆ వైపు తిరుగుతుంది, దాదాపు ప్రతీదీ. మనం లక్ష్మీప్రదమని వెతుక్కునే తీరు అక్కడ మామూలు తీరు. తేడా తెలుసుకోవడం తేలికే. గుల్ల నోట్లో వేలు పెట్టి తడిమితే మధ్యకాండం మీద మూడు నాలుగు గట్టి మడతలు తగిలేది మన శంఖం. వెల్క్‌లో అలాంటి వరస ఉండదు.

ఆ గుల్లను దాని సొంత ఊళ్లో చూపించడానికి ఫ్లోరిడాలో సాయంకాలపు పడవలున్నాయి. కాప్టివా వైపు నుంచి బయల్దేరి, వంతెన లేని నార్త్ కాప్టివా, కాయో కోస్టా దీవుల ఒడ్డుకు చేరుస్తారు. పడవ నడిపే కెప్టెనే గైడు. ఆటు ఎప్పుడో, నీళ్లు తీశాక ఏ ఇసుకతిన్నె తేలుతుందో ఆయనకు తెలుసు. దారిలో డాల్ఫిన్లు. గవ్వలేరుకున్నాక తిరుగు ప్రయాణంలో సూర్యాస్తమయం. మన కోస్తాలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, అక్కడ సముద్రంలోకి దిగుతాడు. పక్కనున్న సానిబెల్ దీవిలో అన్ని గవ్వలు ఎందుకంటే, ఆ తీరంలోని దీవులు చాలావరకు ఉత్తర దక్షిణాలుగా ఉంటే అది తూర్పు పడమరలుగా అడ్డం పడుకుంది. అలలు తెచ్చినవన్నీ దాని ఒడ్డునే ఆగుతాయి.

ఆ ఇసుకలో ఒక్కోసారి కాగితపు బిళ్లల్ని దారానికి గుచ్చినట్టున్న తెల్లటి దండ దొరుకుతుంది. అది లైట్నింగ్ వెల్క్ గుడ్ల సంచుల వరస. ఎండిన దండను ఊపితే గలగలమంటుంది. ఒక బిళ్ల చించి అరచేతిలో దులిపితే బియ్యపు గింజ కన్నా చిన్న గుల్లలు రాలతాయి. అవి కూడా అప్పటికే ఎడమకు తిరిగి ఉంటాయి!

ఒడ్డున గవ్వలేరుకోవడం చాలా పాత సరదా. స్కిపియో అంతటి రోమన్ సేనాని తన మిత్రుడు లేలియస్‌తో కలిసి కాయెటా తీరాన చిన్నపిల్లల్లా గవ్వలేరేవాడని సిసెరో రాశాడు. ఆ తర్వాత నేను శతాబ్దాలు దాటేసి నేరుగా హాలండుకే పోతాను. నా మనసంతా అక్కడే ఉంది.

17వ శతాబ్దంలో డచ్చి ఓడలు తూర్పు దీవుల నుంచి లవంగాలు, జాజికాయలతో పాటు గవ్వలు కూడా తెచ్చాయి. ఆ లవంగాలు కొనడానికి డచ్చివాళ్లు పట్టుకెళ్లిన సరుకుల్లో మచిలీపట్నం వైపు నేసిన బట్టలు ముఖ్యమైనవి. అంటే ఆ గవ్వల కథలో మన మగ్గం కూడా ఉంది. ఆంస్టర్‌డాంలో డబ్బున్న ప్రతివాడికీ గవ్వల బీరువా ఉండాల్సిందే. చిత్రకారుడు రెంబ్రాంట్ 1656లో దివాలా తీసినప్పుడు రాసిన ఆస్తుల జాబితాలోనూ గవ్వలున్నాయి. అంతకు ఆరేళ్ల ముందు, 1650లో, ఆయన నలుపు మీద తెల్లమచ్చల కోన్ గవ్వ ఒకదాన్ని రాగి రేకు మీద చెక్కాడు. రేకు మీద చూసినట్టే చెక్కితే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. సంతకాన్ని మాత్రం తిరగేసి చెక్కాడు కనుక అచ్చులో సరిగా పడింది. గవ్వను తిరగెయ్యలేదు. దాంతో కుడికి తిరగాల్సిన గవ్వ ఆ బొమ్మలో ఎడమకు తిరిగింది. పొరపాటో, పట్టించుకోలేదో గానీ, ఆ బొమ్మను ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

పీటర్ లియోనె అనే ప్రకృతి పరిశోధకుడి సేకరణల్ని 1790లలో వేలం వేశారు. వెర్మీర్ గీసిన, నీలం దుస్తుల్లో ఉత్తరం చదువుకుంటున్న స్త్రీ చిత్రానికి 43 గిల్డర్లు వచ్చాయి. కోనస్ సెడోనల్లి అనే చిన్న గవ్వకు అంతకు ఎన్నో రెట్లు. ఇవాళ ఆ చిత్రం ఆంస్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియానికే అలంకారం.

ఆ మోజు మధ్య నేను అభిమానించే మనిషి ఒకడున్నాడు. రంఫియస్. జర్మనీలో పుట్టి, డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో తూర్పు దీవుల్లోని ఆంబోన్‌కు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. 1670లో చూపు పోయింది. 1674 భూకంపంలో భార్య సుసానా, కూతురు చనిపోయారు. ఒక తెల్లని పూలమొక్కకు భార్య పేరే పెట్టుకున్నాడు. 1682లో తన గవ్వల సేకరణను టస్కనీ ప్రభువు కోసిమోకు అమ్మాల్సి వచ్చింది. 1687లో అగ్నిప్రమాదంలో ఆయన మొక్కల బొమ్మలు కాలిపోయాయి. అయినా చెప్పి రాయిస్తూనే ఉన్నాడు. గవ్వల గురించిన ఆయన పుస్తకం 1705లో, ఆయన పోయిన మూడేళ్లకు వెలువడింది. అందులో ప్రతి గవ్వకూ ఆంబోన్ వాళ్లు పెట్టుకున్న పేర్లు, వాడుకలు కనిపిస్తాయి. కోన్ నత్త కుట్టి బందా దీవుల్లో ఒక బానిస స్త్రీ చనిపోయిన సంగతి కూడా రాసిపెట్టాడు. చూపులేని మనిషి ఒడ్డున ఉన్నవాళ్లను అడిగి అంత తెలుసుకుంటే, యూరప్ బీరువాల వాళ్లు వాటికి ధర కట్టి ఊరుకున్నారు. గవ్వ చేతులు మారేకొద్దీ దాని ఊరు, దాన్ని తీసినవాడి మాట రాలిపోయాయి. నాకు బాధ అక్కడే.

19వ శతాబ్దంలో ఇంగ్లండుకు సముద్రపు ఒడ్డు రాళ్ల గుంటల్లో ప్రాణుల్ని ఏరే పిచ్చి పట్టింది. ఆ మోజును పెంచిన ప్రకృతి పరిశోధకుడు ఫిలిప్ గాస్ కొడుకు ఎడ్మండ్, ఆ గుంటలన్నీ సేకర్తల చేతిలో ఖాళీ అయిపోయాయని 1907లో రాసుకున్నాడు.

ఫ్లోరిడాలో గవ్వల మనుషులు అంతకు చాలా ముందే ఉన్నారు. కలూసాలనే ఆ ఆదివాసులు వ్యవసాయం చెయ్యలేదు. చేపలతో బతికారు, వెల్క్ గుల్లతో సుత్తులు, గిన్నెలు చేసుకున్నారు, గుల్లలు పోసి దిబ్బలు కట్టి వాటి మీద ఇళ్లు వేసుకున్నారు. స్పెయిన్ నుంచి వచ్చిన పోన్స్ ద లియోన్‌ను 1521లో బాణంతో కొట్టారు. ఆ గాయంతోనే అతను హవానాలో చనిపోయాడు. ఈ తీరపు వెల్కులు వర్తకంలో మిసిసిపీ లోయ దాకా వెళ్లాయి. అక్కడివాళ్లు వాటి మీద బొమ్మలు చెక్కి, క్రతువుల్లో కప్పులుగా వాడారు. 1896లో ఫ్రాంక్ కుషింగ్ ఈ ఫ్లోరిడా తీరంలోనే మార్కో దీవి బురదలోంచి చెక్క ముఖాలు, పనిముట్లు తవ్వి తీశాడు. గాలి తగిలి ఎండగానే చాలావాటికి పగుళ్లొచ్చి, ముడుచుకుపోయాయి. వందల ఏళ్లు బురద కాపాడిన రంగులు కళ్లముందే పోయాయి. ఆరంగుళాల చెక్క పిల్లి ఒకటి మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. దాని బొమ్మ చూసిన ప్రతిసారీ, పోయినవాటి మీదికే నా మనసు పోతుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1937 నుంచి సానిబెల్‌లో గవ్వల సంత. 1963లో వంతెన వచ్చింది, దానితో జనం వచ్చారు. లోపల ప్రాణి బతికున్న గుల్లల్నీ బకెట్లతో పట్టుకెళ్లారు. 1995లో సానిబెల్ దాన్ని నిషేధించింది. అందుకే ఇవాళ కెప్టెన్లు ముందు నేర్పేది తిప్పి చూడడం. నోటి దగ్గర గోధుమరంగు గట్టి మూత కనిపిస్తే లోపల నత్త ఉంది, నీళ్లలోకే పోవాలి. ఒడ్డున దిగేముందు గుల్లకు బదులు ఒక సంగతి చేతిలో పెడుతున్నారు. రంఫియస్ చేసిన పని కూడా అదే.

విశాఖలోనూ ఆటు వేళ రాళ్ల గుంటల్లోని ప్రాణుల్ని చూపించే నడకలు మొదలయ్యాయి. ఏదీ తీసుకెళ్లకుండా చూసి రావడమే. సంతోషం. ఆ నడకల్లో జాలరిపేట పెద్దలు కూడా ఉండాలని నా కోరిక. ఏ గవ్వ ఏ వలలో, ఏ నెలలో పడుతుందో వాళ్లకు తెలుసు, ప్రతిదానికీ వాళ్ల నోట ఒక పేరుంది. ఎవరైనా పుస్తకం, కలం పట్టుకుని వెళ్లి, ఆ పేర్లన్నీ ముందు రాసుకోవాలి.