పత్తాలాట, సికింద్రాబాద్ క్లబ్బు, మీ ఫోన్: ఆన్‌లైన్ జూదం మీద సర్కారు ఎట్ల నిర్ణయిస్తుంది?

నంగునూరు నుంచి ఈ ఎపిసోడ్.

ముందు ఒక విచిత్రం చెప్తా. అది 2018 అనుకోండి. మీ ఫోన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీ యాప్ ఉంది. నంగునూరులో కూర్చొని ఆడితే నేరం. అదే ఫోన్ పట్టుకొని బాసర దాటి, మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో రైలు దిగి ఆడితే నేరం కాదు. ఫోన్ అదే, యాప్ అదే, పత్తాలు అవే. క్రికెట్ మ్యాచ్ మధ్యలో వచ్చే ఫాంటసీ యాడ్స్ గుర్తున్నాయా? చివర్లో ఎవరో తరుముతున్నట్టు గబగబా ఫలానా రాష్ట్రాల వాళ్లు ఆడొద్దని చదివేవాళ్లు. ఆ లిస్టులో తెలంగాణ ఉండేది, ఆంధ్రప్రదేశ్ ఉండేది.

ఎందుకిట్ల? మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా ఉంది కదా, అందులో 34వ అంశం పందేలు, జూదం. అంటే దీని మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలది. 2016 దాకా 62వ అంశం వాటి మీద పన్ను. జూదాన్ని ఆపడం ఒక చేయి, దాని మీద పన్ను వసూలు చేయడం ఇంకో చేయి. అప్పట్లో రెండు చేతులూ ఒకే సర్కారువి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇది కొత్త తకరారు కాదు. మనుస్మృతి ఏమంటుంది? రాజు తన రాజ్యంలో జూదం, పందెం లేకుండా చేయాలి అంటుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం వేరే దారి పడుతుంది. జూదానికి ఒక అధ్యక్షుడిని పెట్టు, అందరూ ఒక్క చోటే ఆడాలి, వేరే చోట ఆడితే 12 పణాల జరిమానా, గెలిచినవాడి సొమ్ములో నూటికి ఐదు సర్కారుకు. పైగా పాచికల కిరాయి, నీళ్లకు, స్థలానికి కూడా వసూలు. ఒక్క చోటే ఎందుకంటే, దొంగలూ గూఢచారులూ అక్కడ దొరుకుతారట! నిషేధించాలా, లైసెన్సిచ్చి వాటా తీసుకోవాలా అన్న వాదన అప్పటిది. మనం ఫోన్ మీద చేస్తున్నది కూడా అదే వాదన.

ఇక మన కథకు వద్దాం. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యానికి సొంత జూద చట్టం ఉండేది. ఫసలీ 1305, అంటే మన లెక్కలో 1895-96 ప్రాంతం. అందులో ఒక మినహాయింపు ఉంది: కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలకు ఈ చట్టం వర్తించదు. నిజాం పోయాడు, పోలీస్ యాక్షన్ అయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ చట్టం మాత్రం తెలంగాణ జిల్లాల్లో నడుస్తనే ఉంది.

1963 మే నెలలో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. క్లబ్ సెక్రటరీ, ట్రెజరర్‌తో సహా ఐదుగురి మీద కేసు. మెజిస్ట్రేట్ శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1967 నవంబర్‌లో తీర్పు వచ్చింది. దేశమంతా దీన్ని ఆంధ్రప్రదేశ్ వర్సెస్ సత్యనారాయణ కేసు అంటారు. రాసింది జస్టిస్ హిదాయతుల్లా.

ఆ తీర్పు సారం చెప్తా. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అట్ల కాదు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి అని లెక్క కట్టాలి. కాబట్టి అదృష్టం ఉన్నా నైపుణ్యం పాలు ఎక్కువ. ఈ ఒక్క మాట మీద తర్వాత వేల కోట్ల వ్యాపారం లేచింది. ఏ రమ్మీ కంపెనీ వకీలు కోర్టుకు పోయినా చేతిలో ఈ తీర్పు ఉండేది.

కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది చదవరు. ఇల్లు గానీ క్లబ్బు గానీ నడిపేవాడు ఆ ఆట మీద లాభం సంపాదిస్తున్నాడని రుజువైతే అప్పుడు నేరం కావచ్చు అని కోర్టు అన్నది. ఆ క్లబ్బు సభ్యుల దగ్గర తీసుకున్నది కొద్దిపాటి ఆట చార్జీ. అది లాభం కింద రాదు కాబట్టే వాళ్లు బయటపడ్డారు. ఇప్పుడు యాప్ సంగతి చూడండి. ప్రతి టేబుల్ మీద, ప్రతి ఆట మీద కంపెనీకి కమీషన్. గెలిచేది మీరైనా ఎదుటివాడైనా కంపెనీ వాటా ఆగదు. తీర్పులో మొదటి సగం పట్టుకొని రెండో సగం వదిలేశారని నా అభిప్రాయం. వకీళ్లు ఒప్పుకోకపోవచ్చు, అది వేరే సంగతి.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. అందులోనూ నైపుణ్యం ఆటలకు మినహాయింపు ఉంది. ఈ పాత చట్టాలన్నీ జూదం జరిగే 'ఇల్లు' చుట్టూ తిరుగుతాయి. గది ఉండాలి, పోలీసులు తలుపు తట్టాలి, పత్తాలు, నగదు దొరకాలి. ఇప్పటికీ పేపర్లో వచ్చేది అదే కదా: ఊరి శివారు మామిడితోటలో పత్తాలాట స్థావరంపై దాడి, ఇంతమంది అరెస్ట్, ఇంత నగదు, ఇన్ని బైకులు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం. ఆ స్వాధీనం చేసుకున్న సెల్‌ఫోనే ఇప్పుడు జూదశాల. దాని మీద దాడి ఎట్ల చేస్తారు?

తెలంగాణ దీనికి 2017 జూన్‌లో ఆర్డినెన్స్‌తో జవాబిచ్చింది. ఆ ఏడాదే అది చట్టం అయింది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు, మన చింతమడక మనిషే. జూదశాల నిర్వచనంలో సైబర్ స్పేస్‌ను చేర్చారు. రమ్మీలో అదృష్టం పాలు కూడా ఉంది కాబట్టి అది నైపుణ్యం ఆట కాదని రాశారు. యాభై ఏండ్ల కింద సుప్రీంకోర్టు ఒకటి చెప్తే, రాష్ట్రం ఇంకొకటి చెప్పింది. కంపెనీలు హైకోర్టుకు పోయాయి, ఇక్కడ ఆట బంద్ పెట్టాయి. కుర్రాళ్లు మాత్రం ఫోన్ లొకేషన్ మార్చే యాప్‌లు వెతుక్కున్నారు.

2020 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. ఆడినవాడికి కూడా 6 నెలల దాకా జైలు పెట్టింది. తర్వాత అప్పటి ముఖ్యమంత్రి జగన్ 132 సైట్లు, యాప్‌లు బ్లాక్ చేయమని కేంద్రానికి లేఖ రాశారు. ఆ లేఖే చెప్తుంది, రాష్ట్రానికి చట్టం చేసే అధికారం ఉంది గానీ స్విచ్ దాని చేతిలో లేదు. ఇంటర్నెట్ ఢిల్లీ చేతిలో ఉంటది.

తమిళనాడు నిషేధాన్ని 2021 ఆగస్టులో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక చట్టంలో కీలకమైన సెక్షన్లకు 2022 ఫిబ్రవరిలో అదే గతి. తమిళనాడు తిరిగి ఇంకో రకంగా వచ్చింది: పైసలు పెట్టే ఆటలకు ఆధార్‌తో వెరిఫికేషన్, రాత్రి 12 నుంచి పొద్దున 5 దాకా లాగిన్ బంద్. ఈ నిబంధనలను 2025 జూన్‌లో అదే హైకోర్టు సమర్థించింది. నాకు ఈ రాత్రి బంద్ చాలా తెలివైనదనిపిస్తుంది. క్లబ్బుకు తాళం వేసే టైం ఉంటుంది, ఫోన్‌కు ఉండదు గదా. పోగొట్టుకున్నది రాబట్టుకుందామని ఒంటరిగా కూర్చునేది అర్ధరాత్రే.

నియంత్రణ దారి పట్టినవాళ్లూ ఉన్నారు. సిక్కిం 2008లోనే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నాగాలాండ్ నైపుణ్యం ఆటలకు లైసెన్స్ ఇస్తామన్నది. గోవాలో క్యాసినోలు నీళ్ల మీద తేలుతాయి. బ్రిటన్ 2005 చట్టంతో ఒక కమిషన్ పెట్టింది, అయినా పందెం షాపుల్లోని మెషీన్ల మీద ఒక్కసారికి 100 పౌండ్ల దాకా పెట్టనిచ్చింది. జనం మునిగిపోతున్నారని గొడవ అయితే 2019లో దాన్ని 2 పౌండ్లకు దించింది. చట్టబద్ధం చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఎంత పెట్టొచ్చు, ఎంతసేపు ఆడొచ్చు అన్నది ప్రతిసారీ చూసుకోవాలి.

పన్ను సంగతి చెప్తానన్నా. 2023 అక్టోబర్ 1 నుంచి 2025 దాకా మీరు యాప్‌లో వేసే మొత్తం డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ పడేది. ఒక పక్క కొన్ని రాష్ట్రాలు నేరం అనేవి, ఇంకో పక్క ఖజానా లెక్క రాసుకునేది. కౌటిల్యుడు నూటికి ఐదుతో ఆగాడు.

ఆ తర్వాత 2025 వచ్చింది. మార్చిలో తెలంగాణలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా వాళ్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పడ్డాయి. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ దీని మీద సోషల్ మీడియాలో పెద్ద ప్రచారమే నడిపారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పాస్ చేశాయి, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల పని! ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది సర్కారు చెప్పిన అంచనా.

ఈ చట్టం నైపుణ్యమా అదృష్టమా అని అడగడమే మానేసింది. గెలుస్తామన్న ఆశతో పైసలు పెట్టే ఆన్‌లైన్ ఆట ఏదైనా బంద్. నడిపేవాడికి 3 ఏండ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవాడికి 2 ఏండ్లు, 50 లక్షలు. పైసల లావాదేవీ నడిపే బ్యాంకులకూ శిక్షే. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు, అతన్ని బాధితుడిగా చూసింది. 2020 ఆంధ్ర చట్టం నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చామో చూడండి. ఇది సరైన దిశ అనే నేనంటా, ఎందుకంటే ఆడేవాడు పోలీసులకు భయపడితే ఇంట్లో కూడా చెప్పుకోడు.

కానీ జూదం రాష్ట్రాల అంశం కదా, కేంద్రం ఎట్ల చట్టం చేస్తుంది? కంపెనీలు ఇదే అడిగాయి. వేర్వేరు హైకోర్టుల్లోని కేసులను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. ఇంకో ప్రశ్న, మలక్‌పేటలో గుర్రప్పందెం సంగతేంది? 1996లో సుప్రీంకోర్టు అది నైపుణ్యమే అన్నది, కాబట్టి నడుస్తుంది. గుర్రం మీద పెట్టినా పత్తాల మీద పెట్టినా పోయేది జేబులోని పైసలే. రేస్ క్లబ్బుకు ఎవరు పోతారు, మామిడితోటలో ఎవరు కూర్చుంటారు అన్న తేడా ఏ చట్టంలోనూ రాసి ఉండదు, అయినా కనబడుతుంది.

ఇక విదేశాల్లో కూర్చొని నడిపే యాప్‌లు. పేరు మార్చి, లింకు మార్చి, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. వాటికి ఇక్కడ బ్యాంకు ఖాతాలు కావాలి, దానికి మన వయసు పిల్లల్నే పడుతున్నారు: నీ ఖాతా ఇయ్యి, నెలకు ఇంత ఇస్తం. ఇస్తే మాత్రం మీరు ఆడినవాళ్ల లెక్కలోకి రారు, లావాదేవీ నడిపినవాళ్ల లెక్కలోకి వస్తారు. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసు మీ పేరు మీద పడుతుంది. సైబర్ మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

వచ్చే ఎపిసోడ్ లాటరీల మీద. 1967లో కేరళ సర్కారే లాటరీ ఎందుకు మొదలుపెట్టిందో చూద్దాం. ఉంటా మరి.