ఇంటిపేరులో దాగిన ఊరు: తెనాలి సీమలో వంశాన్వేషణ

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, దుగ్గిరాల, వేమూరు, అమృతలూరు ప్రాంతాల గ్రామాల పట్టికను అక్కడి కుటుంబాల ఇంటిపేర్ల పక్కన పెట్టి చదివితే, ఆ ఇంటిపేర్లలో చాలావాటికి మూలం నాలుగైదు క్రోసుల లోపలి ఊళ్ళేనని తెలుస్తుంది. ఇంటిపేరు అంటే తండ్రి వైపు నుంచి సంక్రమిస్తూ వ్యక్తి పేరుకు ముందు నిలిచే కుటుంబనామం. దాని నిండు రూపం ‘వేమూరివారు’, ‘ఇంటూరివారు’ వంటిది కాగా, వాడుకలో ‘వారు’ జారిపోయి ‘వేమూరి’, ‘ఇంటూరి’ అనే సంబంధార్థక రూపాలు మిగిలాయి.

ఈ రూపాలను ఊళ్ళతో కలిపే తాళపుచెవి తెలుగు వ్యాకరణంలోనే ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ఔపవిభక్తికాలుగా చెప్పిన ఇ, టి, తి అనే వర్ణాలు, అంటే విభక్తి ప్రత్యయానికి ముందు నామం చివర వచ్చే మార్పులు, ఇంటిపేర్లలో యథాతథంగా కనిపిస్తాయి. ఊరు ‘ఊరి’ అయినట్లే కొలకలూరు కొలకలూరిగా, పాడు ‘పాటి’ కావడం వల్ల గరికపాడు గరికపాటిగా, ‘ర్రు’తో ముగిసే పేర్లు ‘ర్తి’ని పొందడం వల్ల మోపర్రు మోపర్తిగా, యలవర్రు యలవర్తిగా మారాయి. దుగ్గిరాల, ఈమని, చావలి వంటివి మార్పు లేకుండానే ఇంటిపేర్లయ్యాయి. ఈ సూత్రం తెలియనివారికి మోపర్తి అనే ఇంటిపేరుకూ మోపర్రు అనే ఊరికీ ఉన్న చుట్టరికం తట్టకపోవచ్చు గనుక, వంశచరిత్ర వెదికేవారు మొదట చేయవలసిన పని ఇంటిపేరును ప్రథమా విభక్తిలోకి తిప్పి చూసుకోవడం.

సాధారణంగా ఒక కుటుంబం ఊరు విడిచి మరొక చోట స్థిరపడినప్పుడే పాత ఊరి పేరు దానికి అంటుకుంటుంది. స్వగ్రామంలో అందరూ ఆ ఊరివారే కాబట్టి ఆ పేరు ఎవరినీ వేరుచేసి చూపదు. చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో జన్మించగా, రచయిత కొలకలూరి ఇనాక్ 1939లో పుట్టిన ఊరు వేజెండ్ల. ఇంటిపేరు ఒక ఊరిని, జన్మస్థలం మరొక ఊరిని చూపే ఇటువంటి సందర్భాల్లో ఆ రెంటి మధ్య ఒక పూర్వపు వలస ఉండవచ్చునని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. అయితే తోళ్ళ పరిశోధనలో ప్రపంచఖ్యాతి పొందిన యలవర్తి నాయుడమ్మ 1922లో యలవర్రులోనే జన్మించారు. ఊరిపేరే అదే ఊళ్ళో ఇంటిపేరుగా నిలవడానికి, గ్రామ పెత్తనం చేసిన ఇల్లు ఊరిపేరుతోనే ప్రసిద్ధమవడం ఒక మార్గం. బయటికి వెళ్ళినవారు ఆ పేరుతో తిరిగిరావడం మరొక మార్గం. ఏ ఇంటి విషయంలో ఏది జరిగిందో చెప్పగలిగేవి పాత పత్రాలే తప్ప, పేరొక్కటే చాలదు. గోపరాజు రామన్న అనే మంత్రి గ్రామాల కరణీకపు మిరాసులను, అనగా వంశపారంపర్య హక్కులను, నియోగి కుటుంబాలకు పంచాడన్న కథనం కైఫియతులలో, అంటే కాలిన్ మెకంజీ కాలంలో సేకరించిన గ్రామ వృత్తాంతాలలో, కనిపిస్తుంది. ఊరికీ ఇంటిపేరుకూ ముడిపెట్టిన అధికార మార్గానికి అది ఒక సూచన.

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్లు కాదు. ఒకే ఊరి నుంచి కదిలిన వేరువేరు కులాలవారు ఒకే ఇంటిపేరు ధరించడం ఇక్కడ సర్వసాధారణం. పైగా కూచిపూడి అమృతలూరు మండలంలోనూ ఉంది, కృష్ణకు ఆవల మొవ్వ మండలంలోనూ, నాట్యానికి పేరుపొందినది, ఉంది. ఆ ఇంటిపేరు గలవారి మూలం ఈ ఒడ్డుదా, ఆ ఒడ్డుదా అన్నది వేరే ఆధారంతోనే తేలాలి. తద్దినంలో గోత్రంతోపాటు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబుతారు గాని అందులో ఇంటిపేరుకు చోటులేదు. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్ల అవే రెండు మూడు పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తాయి కాబట్టి, పత్రంలో కనిపించిన పేరు తాతదో మనుమడిదో సంవత్సరం చూసి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

ఒకే ఇంటిపేరుగల కుటుంబాలు ఊళ్ళో పెరిగినప్పుడు పెదయింటివారు, తూర్పింటివారు, మేడవారు, నూతివారు అనే వాడుకపేర్లు పుడతాయి. నిజంగా ఇంటిని, అది నిలిచిన దిక్కును చెప్పే పేర్లు ఇవే. అన్నదమ్ముల పంపకం ఎక్కడ జరిగిందో, ఏ శాఖ పెద్దదో వీటివల్ల తెలుస్తుంది. కానీ ఇవి ఎక్కువగా వృద్ధుల జ్ఞాపకంలోనే ఉన్నందున ముందుగా రాసిపెట్టుకోవలసినవి కూడా ఇవే. ఆపైన చూడవలసినవి రిజిస్టరు దస్తావేజులు, ఆలయ శాసనాలు, 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేయించిన రిజిస్టర్లు. మాన్యం, అంటే ఇనాం భూమి, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, విచారణనాటికి ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు ఆ ఇనాం రిజిస్టర్లలో ఉంటాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక, కరణాల ఇళ్ళలో మిగిలిన పాత లెక్కల కట్టలను వెదికి భద్రపరచడం ఈ సీమకు అత్యవసరమైన పని.

తండ్రి వైపు దారి ఇంత చూపే ఇంటిపేరు తల్లి వైపు మాత్రం ఏమీ చెప్పదు. పెళ్ళితో స్త్రీ ఇంటిపేరు మారడంతో ఆమె పుట్టింటి ఊరు రెండు తరాల్లోనే మరుగున పడుతుంది. దత్తు వెళ్ళిన కుమారుడి విషయంలోనూ జన్మనిచ్చిన ఇల్లు ఇలాగే కనుమరుగవుతుంది. అందువల్ల వంశవృక్షం రాసేటప్పుడు కోడళ్ళ పుట్టింటి పేర్లను, వాటి ఊళ్ళతో సహా, తప్పక చేర్చాలి. యలవర్తి అనే పేరు ‘వై’ అన్న ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోతే ఊరి జాడే మిగలదు గనుక, ఆ పేర్లన్నిటినీ తెలుగు లిపిలో, చివరి ‘రి’, ‘టి’, ‘తి’ చెడకుండా, పూర్తిగా రాయాలి.