పటంలో ఉన్న బండ్లదోవ

చిత్తూరు వైపు పల్లెల్లో దారిని దోవ అంటారు. ఎద్దులబండి పోయేది బండ్లదోవ. మనిషి ఒక్కడే పోగలిగేది కాలిదోవ. రెండు కయ్యల నడుమ గెనిమ మీద అడుగులో అడుగు వేసుకుంటూ పోతే అదీ దోవే. వీటిలో ఏదీ తారు ఎరగదు. ఎర్రమన్ను, గరుసు, వానకు వంక తెచ్చి పోసిన గులకరాళ్లు, బండి చక్రాలు కోసిన రెండు చాళ్లు, ఆ చాళ్ల నడుమ గడ్డి. వేరుశనగ చేలు, చెరుకు తోటలు, మామిడి తోపుల మధ్యగా పల్లెకూ పల్లెకూ ముడివేసినవి ఇవే.

ఇలాంటి దోవల మీద సైకిలు తొక్కడం కోసమే ఇప్పుడు జనం దేశదేశాల నుంచి స్పెయిన్‌కు విమానమెక్కి పోతున్నారు. దాన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. కాస్త వెడల్పు టైర్లున్న సైకిలు, కంకర పరిచిన మట్టిబాట, రెండు పక్కలా కనుచూపు మేర గోధుమ చేలు. ఆ బాటల్లో కొన్ని సైకిళ్ల కోసం వేసినవి కావు. గొర్రెల కోసం పుట్టినవి.

1273లో కాస్తీల్ రాజు పదవ అల్ఫోన్సో గొర్రెల కాపర్ల సంఘం ‘మెస్తా’కు రాజముద్ర వేసి హక్కులిచ్చాడు. చలికాలం దక్షిణానికి, ఎండాకాలం ఉత్తరపు కొండలకు మందలు నడిచే దోవలను ఎవరూ దున్నకూడదన్నాడు. ‘కన్యాద’ అనే పెద్ద మందబాట వెడల్పు సుమారు 75 మీటర్లు. 1836లో మెస్తా రద్దయింది, మందలు రైలెక్కాయి, బాటలు చేలల్లో కలవసాగాయి. ఆఖరికి 1995లో స్పెయిన్ ఒక చట్టం చేసింది. మందబాటలు ప్రజల ఆస్తి, వాటిని అమ్మడానికీ ఆక్రమించడానికీ వీల్లేదు. మొదటి హక్కు మందలది, వాటికి అడ్డురాకుండా నడిచేవాళ్లూ మోటారు లేని బండ్లు తోలేవాళ్లూ వాడుకోవచ్చు. అట్లా నిలిచిన మందబాటల నిడివి దాదాపు 1,25,000 కిలోమీటర్లు. సైకిలువాళ్లకు ఆ సుఖం ఈ చట్టం పెట్టిన భిక్షే.

చిత్తూరు, తిరుపతి సీమలో దోవల చరిత్ర స్పెయిన్‌కు తీసిపోదు. మొగిలి కనుమనే చూడండి. చిత్తూరు సముద్ర మట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తున ఉంటే, పలమనేరు 680 మీటర్ల పైన ఉంది. కింది చెరుకు సీమ నుంచి మైసూరు పీఠభూమి మీదికి ఎక్కాలంటే ఈ కనుమే మెట్టు. 1791 ఫిబ్రవరిలో ఆంగ్ల సేనాని కారన్‌వాలిస్ బెంగుళూరు మీదికి దండెత్తినప్పుడు ఆయన ఆంబూరు కనుమ గుండా వస్తాడని టిప్పు సుల్తాను కాచుకున్నాడు. ఆంగ్ల సైన్యం అటు పోయినట్టే కనిపించి, చిత్తూరు మీదుగా తిరిగి ఈ మొగిలి కనుమెక్కి పలమనేరు చేరింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1782 డిసెంబరు 7న, టిప్పు తండ్రి హైదరాలీ ప్రాణం వదిలింది కూడా చిత్తూరుకు దగ్గర్లో, నరసింగరాయనిపేట దండులోనే. దండులు వచ్చాయి, పోయాయి. దోవను నిలబెట్టింది మాత్రం బెల్లం బండ్లు, ఉప్పు బండ్లు, సంతకు పోయే పశువులు.

దండు దోవల కన్నా పాతవి భక్తుల దోవలు. తాళ్లపాక నుంచి అన్నమయ్య వచ్చాడని చెప్పుకొనే జాడ మామండూరు, కుక్కలదొడ్డి వైపు నుంచి శేషాచలం అడవిలోకి పోతుంది. చంద్రగిరి రాజులది శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారిమెట్టు. శ్రీకృష్ణదేవరాయలు 1513కూ 1521కీ నడుమ ఏడు మార్లు కొండకు వచ్చాడు. అలిపిరి మెట్లకు 17వ శతాబ్దంలో మట్లి అనంతరాజు పూనుకున్నాడు. కొండ మీదికి మోటారు దోవ 1944 ఏప్రిల్ 10న గానీ తెరుచుకోలేదు. దాని రూపకర్త మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

కొండ మెట్ల గురించి రాసినవాళ్లు చాలామంది. మెట్టుకు చేరేదాకా భక్తుడు నడిచిన చేలగట్లను పట్టించుకున్నవాళ్లు అరుదు. ఆ పని చేసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, తిరుపతి మీదుగా కడప దోవ పట్టాడు. పల్లకీ, బోయీలు, వెంట పరివారం. మజిలీ మజిలీకీ బాట ఎట్లా ఉంది, నీళ్లెక్కడ, బసకు చోటుందా, అంగడి ఉందా అని రాసుకుంటూ పోయాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ రైళ్లు రాకముందు తెలుగు దోవలు ఎట్లుండేవో తెలిపే మొదటి నమ్మకమైన పుస్తకం.

ఆ రోజుల్లో బాటసారికి ఆసరా ఊళ్లవాళ్ల ధర్మమే. చలివేంద్రం, మంటపం, బావి, దోవ వెంట చింతచెట్టు నీడ. అరవదేశం అంచు ఊళ్లలో దోవ పక్కన రెండు నిలువురాళ్ల మీద ఒక అడ్డరాయి ఉండేది. తలమీద మోపుతో వచ్చినవాడు ఎవరి సాయమూ లేకుండా మోపు దించుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకోవడానికి. అరవంలో దాన్ని సుమైతాంగి అంటారు. మనిషి భుజం ఎత్తును లెక్కగట్టి పెట్టిన ఆ రాయిలో ఉన్న దయ ఏ టోల్‌గేటులోనూ లేదు.

సైకిలు ఈ దోవల్లోకి ఆలస్యంగా వచ్చింది. మొదట్లో సీమసరుకు, రాలీ, బీఎస్‌ఏ, హెర్క్యులస్. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు శివారు అంబత్తూరులో హెర్క్యులస్ సైకిళ్ల తయారీ మొదలయ్యాకనే ఈ వైపు పల్లెల్లో అవి పలచగా కనబడసాగాయి. పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడేసుకున్నవాడు, తపాలా సంచీ వేసుకున్నవాడు, పక్క ఊరి బడికి పోయే అయ్యవారు, వెనక క్యారియర్ మీద పచ్చిగడ్డి మోపు కట్టుకొచ్చే రైతు. వీళ్లంతా బండి చాళ్లలో ఒక చాలు పట్టుకుని తొక్కేవాళ్లు. చాలు తప్పితే చక్రం జారుతుంది, గరుసులో బ్రేకు గట్టిగా పడితే మనిషి పక్కనున్న కయ్యలో తేలతాడు. స్పెయిన్‌కు పోయి డబ్బిచ్చి నేర్చుకునే విద్య ఇదే. పాలవాడికి అది పొద్దున్నే బువ్వ పెట్టిన విద్య. పంచాయతీకి ఏటా పన్ను కట్టి సైకిలుకు బిళ్ల తగిలించుకోవాల్సి వచ్చిన కాలం కూడా ఉండేది. దోవ మీద తనకు హక్కుందని చెప్పే రసీదు అది.

హక్కు అన్నమాట ఊరికే వాడింది కాదు. మద్రాసు భూ ఆక్రమణల చట్టం 1905లో వచ్చింది. ప్రజలు నడిచే రోడ్లు, వీధులు, సందులు, బాటలు సర్కారు ఆస్తి అని అది తేల్చి చెప్పింది. స్పెయిన్ చట్టానికి 90 ఏళ్ల ముందు! 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి రైత్వారీ ఊళ్లలో సర్వే రాళ్లు పాతి, గ్రామపటం గీసి, అందులో బండ్లబాటను వేరే గీతతో చూపడం మామూలు. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీల్లో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రైత్వారీ సెటిల్మెంటు జరిగింది. అట్లా ఊరుమ్మడి దోవలు పటాల్లోకీ అడంగల్లోకీ ‘రస్తా పోరంబోకు’ పేరుతో ఎక్కాయి.

పటంలో ఉన్నవి నేలమీద కరుగుతూ వచ్చాయి. ట్రాక్టరు వచ్చి ఎద్దులబండి మూలపడింది. పక్క రైతు ఒక చాలు లోపలికి దున్నాడు, మరుసటేడు ఇంకో చాలు. మామిడి తోపు చుట్టూ ముళ్లకంచె వేసినవాడు దోవను కలుపుకుని వేశాడు. తిరుపతి చుట్టుపక్కల ప్లాట్లు వేసినచోట బండ్లదోవ ఏ గేటు లోపల ఉందో వెతకాలి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పల్లెకు ఒక తారురోడ్డిచ్చింది, 2006 నుంచి ఉపాధి హామీ కూలీలు చేలల్లోకి గ్రావెల్ రోడ్లు వేశారు. మేలే జరిగింది. కానీ ఒక దోవకు తారు పడగానే మిగతా నాలుగు దోవలను ఊరు మరిచిపోయింది. పలమనేరు వైపుగా సాగే చెన్నై–బెంగుళూరు ఎక్స్‌ప్రెస్‌వే కార్లు, లారీల కోసమే. అందులో సైకిలుకు చోటు లేదు.

సైకిలు తొక్కే కుర్రకారు తిరుపతిలోనూ మదనపల్లెలోనూ తక్కువేమీ కాదు. వాళ్లకు కావలసిన బాటలు కొత్తగా వేయనక్కర్లేదు. హార్స్‌లీ కొండ కింద, చంద్రగిరి కోట వెనక, మొగిలి ఈశ్వరుడి గుడి చుట్టూ పల్లెల నడుమ అవి ఎప్పటి నుంచో ఉన్నాయి. రైతు పంట బండికి, పశువుల మందకు మొదటి హక్కు ఇచ్చి, మిగిలిన వేళల్లో వాడుకుంటే ఎవరికీ నష్టం లేదు.

గ్రామపటం ఎవరైనా చూడొచ్చు, నకలు అడిగి తీసుకోవచ్చు. మీ ఊరి పటం ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో బండ్లబాట గీత ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూసి, ఒక ఆదివారం పొద్దున సైకిలెక్కి ఆ గీత వెంబడి పోండి. మధ్యలో కంచె అడ్డొస్తే వెనక్కి రాకండి. ఊరి పెద్దలను కలిసి, పటం ముందు పెట్టి, దోవ అడగండి.