సాటర్డే నైట్ ఇన్ బాంబే

'రిమెంబర్ శక్తి' బృందం ముంబయి కచేరీలలో రికార్డు చేసిన ఆల్బమ్, 2001లో విడుదలైంది. జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాను నడిపిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ దీని సారథులు. మాండలిన్ పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ది (1969–2014), కంజీర సెల్వగణేశ్‌ది.

ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే అంశాలు. 'శృంగార్'లో శివ్‌కుమార్ శర్మ సంతూర్ తీరిగ్గా సాగుతుంది. తెలుగువారు ముందుగా వినవలసింది మాత్రం 'గిరిరాజ్ సుధ'. అది బంగాళ రాగంలో త్యాగరాజు వినాయకుడిపై చేసిన సంస్కృత కీర్తనే. పాడినది శంకర్ మహదేవన్. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల మీద గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. అందుకే గిటారు పక్కన కూడా ఆయన స్వరం గాత్రంలా జారుతూ వినిపిస్తుంది. స్టూడియోలో ఎంత మెరుగుపెట్టినా రాని చొరవ ఇందులో ఉంది: ఒకరి సంగతికి మరొకరు అప్పటికప్పుడే బదులిస్తారు, సభ చప్పట్లు అందులో కలిసిపోతాయి.

త్యాగరాజ కీర్తనను పాశ్చాత్య సంగీత శ్రోతలకు చేర్చిన రికార్డింగులలో దీనికి ముఖ్యస్థానం ఇవ్వాలి.