ఫాబ్రియానో: కాగితానికి ఆయువు పోసిన ఊరు

ఇటలీ నడిమధ్య, మార్కే ప్రాంతపు కొండల్లో ఉన్న ఫాబ్రియానో పేరు నీటిరంగుల బొమ్మలు వేసే మనవాళ్ళకు కొత్త కాదు. ఖరీదైన డ్రాయింగ్ కాగితం మీద చూసే ఉంటారు. అయితే కాగితాన్ని ఆ ఊరు కనిపెట్టలేదు. చైనాలో పుట్టిన ఆ విద్య అరబ్బుల ద్వారా మధ్యధరా తీరాలకు చేరింది. మొదట్లో దాన్ని నమ్మినవాళ్ళు తక్కువ. 1231లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ తన సిసిలీ రాజ్యంలో అధికార పత్రాలకు కాగితం వాడకూడదని శాసించాడు.

ఆ అనుమానంలో న్యాయముంది. సిరా పాకకుండా అప్పట్లో కాగితానికి గంజి పట్టించేవారు. తేమ తగిలితే బూజు, లేకపోతే పురుగు. 13వ శతాబ్దంలో ఫాబ్రియానో పనివాళ్ళు గంజి మానేసి, తోలుముక్కలు ఉడికించి తీసిన జిగురులో కాగితాన్ని ముంచారు. ఉన్ని బట్టను దంచే నీటిరోకళ్ళను పాత గుడ్డపేలికల్ని గుజ్జు చేయడానికి మళ్ళించారు. కొత్తదనమంతా పక్కింటి వృత్తుల నుంచి ఎరువు తెచ్చుకున్నదే. నా దృష్టిలో ఆ ఊరి అసలు ప్రతిభ అదే.

వాళ్ళ పేరు నిలబెట్టినది మాత్రం నీటిగుర్తు. గుజ్జును ఎత్తే తీగల జల్లెడ మీద మరో తీగతో బొమ్మ కుడితే, అక్కడ కాగితం పలచబడి వెలుగుకు పట్టినప్పుడు బొమ్మ కనబడుతుంది. సరుకు ఎవరిదో తెలిపే ఈ గుర్తుల మీద హక్కెవరిదని 14వ శతాబ్దంలోనే, పొరుగూరు సస్సోఫెర్రాతోకు చెందిన న్యాయవేత్త బార్తోలో చర్చించాడు. కరెన్సీ నోటును వెలుగుకు పట్టి చూసే మన అలవాటుకు మూలం ఇక్కడే ఉంది.

ఊరి రాజకీయం నెత్తుటి కథ. ఏలుతున్న కియవెల్లి వంశాన్ని 1435లో, క్రీస్తు ఆరోహణ పండుగనాడు, చర్చిలోనే నరికేశారు. కొన్నాళ్ళకు ఊరు పోపుల పాలన కిందికి వచ్చింది. ఇతర చోట్ల మిల్లులు పెరిగి, ఇక్కడి కాగితం వెనకబడింది. 1782లో పియెత్రో మిలియాని మిల్లు పెట్టాక మళ్ళీ ఊపిరి పోసుకుంది.

20వ శతాబ్దంలో ఊరు మరో దారి పట్టింది. 1930లో తూనిక యంత్రాలతో మొదలైన మెర్లోని కుటుంబ వ్యాపారం వాషింగ్ మెషీన్ల దాకా ఎదిగి, ఇండెసిట్ పేరుతో 2014లో అమెరికన్ కంపెనీ వర్ల్‌పూల్ చేతికి పోయింది. మిలియాని మిల్లులు 2002లోనే ఫెద్రిగోని సంస్థకు దక్కాయి. పాత డొమినికన్ మఠంలోని కాగితపు మ్యూజియంలో మాత్రం కాగితాన్ని ఇప్పటికీ చేత్తోనే ఎత్తి చూపిస్తారు.