మూలసంకేతం – యంత్రరూపం: ఓపెన్ సోర్స్ కంపైలేషన్ చరిత్ర, ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
గ్రంథ పరిష్కర్తకు ముద్రిత పాఠం ఒక్కటే చాలదు. అది ఏ ప్రతుల ఆధారంగా, ఏ పద్ధతిలో రూపొందిందో కూడా తెలియాలి. కంప్యూటర్ ప్రోగ్రాంల విషయంలోనూ ఇటువంటి సమస్యే ఉంది. మనిషి రాసి చదవగలిగేది సోర్స్ కోడ్ అనే మూలసంకేతం. యంత్రం అమలు చేసేది దాని యంత్రరూపం. మొదటిదాన్ని రెండవదిగా మార్చే ప్రక్రియ కంపైలేషన్, మార్చే సాధనం కంపైలర్. మూలసంకేతం అందరికీ లభించినంత మాత్రాన, నడుస్తున్న ప్రోగ్రాం దాని నుండే పుట్టిందని నిర్ధారించగలమా? ఈ ప్రశ్న వెలుగులో ఓపెన్ సోర్స్ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. టేపుల కాలం:
బెల్ ల్యాబ్స్‌లో 1969లో ఆరంభమైన యూనిక్స్, 1970లలో మూలసంకేతంతో సహా విశ్వవిద్యాలయాలకు చేరింది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ 1976లో దాని ఆరవ కూర్పుకు వ్యాఖ్యానం సిద్ధం చేసి తరగతిలో బోధించాడు. 1979 నాటి ఏడవ కూర్పు లైసెన్సు అటువంటి బోధనను నిషేధించింది. లయన్స్ వ్యాఖ్యానం మాత్రం జిరాక్సు ప్రతులుగా చేతులు మారుతూనే ఉంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఈమాక్స్ మూలసంకేతాన్ని టేపుపై 150 డాలర్లకు పంపేవాడు. 1987లో జీసీసీ వెలువడడంతో కంపైలర్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లభించింది. 1991 నాటి జీపీఎల్ రెండవ కూర్పు, కంపైలేషన్‌ను నడిపే స్క్రిప్టులను సైతం పూర్తి మూలసంకేతంలో భాగంగా నిర్వచించింది. తయారుచేసే విధానం తెలియనిదే మూలం అసంపూర్ణమని చట్టపరంగా అంగీకరించిన సందర్భమిది.

3. రిపాజిటరీ, టార్‌బాల్:
యంత్రాల మధ్య తేడాలను అధిగమించడానికి డేవిడ్ మెకంజీ 1991లో ఆటోకాన్ఫ్‌ను రూపొందించాడు. దాని వల్ల 'కాన్ఫిగర్', 'మేక్', 'మేక్ ఇన్‌స్టాల్' అనే మూడు ఆదేశాలు వాడుకలో స్థిరపడ్డాయి. మొదటిది యంత్రంలోని సదుపాయాలను పరీక్షిస్తుంది, రెండవది కంపైల్ చేస్తుంది, మూడవది ఫలితాన్ని తగిన స్థానాల్లో చేరుస్తుంది. అయితే కాన్ఫిగర్ స్క్రిప్టు సాధారణంగా సాధనం తయారుచేసిన వేల పంక్తుల పాఠం. దాన్ని చదివేవారు అరుదు.

లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్, ప్రతి మార్పునూ దాని విషయం నుండే లెక్కించిన గుర్తుతో నమోదు చేస్తుంది. అందువల్ల రిపాజిటరీ చరిత్రను గుట్టుగా మార్చడం కష్టం. విడుదల కోసం కట్టే టార్‌బాల్‌లో మాత్రం రిపాజిటరీలో లేని ఫైళ్లు కూడా చేరవచ్చు. దీనితో ఒకే కూర్పుకు రెండు పాఠాలు ఏర్పడ్డాయి.

4. పాఠాంతరం తెచ్చిన ప్రమాదం:
కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో, మూలసంకేతంలో జాడ లేకుండా కంపైలరే ప్రోగ్రాంలోకి దొంగదారిని చొప్పించగలదని నిరూపించాడు. నలభై ఏళ్ల తరువాత వేరొక మార్గంలో అటువంటి ముప్పే ఎదురైంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి ఉందని వెల్లడించాడు. రిమోట్ లాగిన్‌లో సుమారు అర సెకను జాప్యమే ఆయనకు అనుమానం కలిగించింది. హానికర భాగం పరీక్షా ఫైళ్ల రూపంలో రిపాజిటరీలోనే దాగి ఉంది. కంపైలేషన్ సమయంలో దాన్ని బయటికి తీసే స్క్రిప్టు మాత్రం టార్‌బాల్‌లోనే ఉంది. రిపాజిటరీని మాత్రమే చదివినవారికి ఆ ముడి కనిపించే అవకాశం లేదు.

5. ముగింపు:
డెబియన్ ప్రాజెక్టులో 2013 నుండి సాగుతున్న కృషి ఈ సమస్యకు ఒక సమాధానం. ఒకే మూలసంకేతాన్ని, ఒకే సాధనాలతో ఎవరు కంపైల్ చేసినా బిట్టు తేడా లేకుండా ఒకే ఫలితం రావాలన్నది దాని లక్ష్యం. వేర్వేరు వ్యక్తుల ఫలితాలు సరిపోలితే, నమ్మకం ఒక వ్యక్తి మాటపై గాక తులనాత్మక పరీక్షపై నిలుస్తుంది. అయితే ఈ పరీక్ష ఏ మూలంతో మొదలుపెట్టాలన్న ప్రశ్నను తీర్చదు. కలుషితమైన టార్‌బాల్ కూడా అందరికీ ఒకే ఫలితాన్నివ్వగలదు. కనుక రిపాజిటరీకీ టార్‌బాల్‌కూ మధ్య పాఠపరిశీలన జరగడం, కంపైలేషన్ మార్గం పునరావృతయోగ్యం కావడం రెండూ అవసరమే. చదివే స్వేచ్ఛతో ఆరంభమైన ఓపెన్ సోర్స్ చరిత్ర సరిచూసే స్వేచ్ఛతోనే సంపూర్ణమవుతుంది.